హుంబోల్టు పండితుని జావాద్వీప భాషాన్వేషణము

యౌవనమున మొలకెత్తిన జిజ్ఞాస వార్ధక్యమున ఫలించుట విద్వాంసుల జీవితములలో తరచుగా కానవచ్చును. వార్ధక్యముననే మొలకెత్తి, మృత్యువు సమీపించులోపల ఫలింపవలసి వచ్చిన జిజ్ఞాస అరుదు. ప్రష్యా రాజ్యమునకు చెందిన విల్‌హెల్ము ఫాన్ హుంబోల్టు (1767-1835) జీవితమున అట్టి దొకటి కలదు. రాయబారిగను, విద్యాశాఖాధిపతిగను, బెర్లిను విశ్వవిద్యాలయ స్థాపనకు మూలపురుషుడుగను లోకము ఆయనను ఎరుగును. అరువదియేండ్ల వయసున ఆయన తానెన్నడును చూడని జావాద్వీపము వైపు దృష్టి మరల్చి, అచ్చటి ప్రాచీన కావ్యభాషను పరిశీలించుటకు శేషజీవితమును వినియోగించెను. ఆ పరిశ్రమ నుండి వెలువడిన సిద్ధాంతము సంస్కృతముతో చిరకాల సాహచర్యముగల భారతీయ దేశభాషలను గూర్చి ఆలోచించువారికి దూరపు విషయము కాదు.

హుంబోల్టు 1767 జూన్ 22న పోట్స్‌డాము నగరమున జన్మించెను. ప్రకృతిశాస్త్రజ్ఞుడుగను, దక్షిణ అమెరికా యాత్రికుడుగను విఖ్యాతి గాంచిన అలెగ్జాండరు ఆయనకు రెండేండ్లు చిన్నవాడైన తమ్ముడు. తండ్రి 1779లో మరణించుటచే అన్నదమ్ములు తల్లి పర్యవేక్షణమున, గురువుల శిక్షణమున, బెర్లినుకు సమీపమునగల టేగెలు గ్రామపు భవనమున పెరిగిరి. విల్‌హెల్ము గట్టింగెను విశ్వవిద్యాలయమున చదివి, గ్రీకు వాఙ్మయమున గాఢమైన అభినివేశము సంపాదించెను. 1791లో కరొలీను అను విదుషీమణిని వివాహమాడెను. యేనా నగరమున నివసించిన కాలమున షిల్లరు, గేటే మహాకవులకు ఆంతరంగిక మిత్రుడయ్యెను.

ఆయనకు భాషలపై ఆసక్తి కలిగినది స్పెయిను దేశయాత్రయందు. పిరెనీ పర్వతప్రాంతమున బాస్కు జాతి వారి భాష చుట్టుపట్ల గల ఏ భాషతోను చుట్టరికము లేనిదై ఒంటరిగా నిలిచియుండుట చూచి ఆయన విస్మయము చెందెను. 1801లో ఆ భాషను అభ్యసించుటకే మరల ఆ ప్రాంతమునకు వెళ్లెను. 1802 మొదలు 1808 వరకు రోము నగరమున ప్రష్యా రాయబారిగా నుండినపుడు, హెర్వాసు అను పండితుడు కూర్చిన అమెరికా ఆదిమభాషల సామగ్రి ఆయనకు అందెను. తమ్ముడు అమెరికా నుండి తెచ్చిన వ్యాకరణములును చేరెను. ఈ విధమున గ్రంథములు కూడుచుండెను గాని వానిని తీరికగా చదువు అవకాశము మాత్రము కలుగలేదు. 1809-10 సంవత్సరములలో విద్యాశాఖను నడపెను; బెర్లిను విశ్వవిద్యాలయము ఆ కాలమున స్థాపింపబడినదే. పిమ్మట వియన్నా రాయబారము, 1814-15 నాటి వియన్నా మహాసభ, లండను రాయబారము ఒకదాని వెంట ఒకటి వచ్చెను. పత్రికలను, విశ్వవిద్యాలయములను అణచివేయుటకు జర్మను ప్రభుత్వములు కార్ల్స్‌బాడు శాసనములను తెచ్చినపుడు ఆయన ఎదిరించెను. తత్ఫలితముగా 1819 డిసెంబరు 31న పదవి నుండి తొలగింపబడెను. అప్పటి కాయన వయసు ఏబదిరెండేండ్లు.

రాజ్యకార్యములకు నష్టమైన ఈ ఘటన శాస్త్రమునకు లాభమయ్యెను. హుంబోల్టు టేగెలు చేరి, ప్రసిద్ధ వాస్తుశిల్పి షింకెలుచే ఇంటిని పునర్నిర్మింపజేసి, భాషాధ్యయనమునే వృత్తిగా చేసికొనెను. లండనులో ఫ్రాంట్స్ బాప్ అను యువపండితుని వలన ఆయనకు సంస్కృతముతో పరిచయము కలిగియుండెను. ఆ బాప్ 1821లో బెర్లిను విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి పొందుటకు హుంబోల్టు ప్రోత్సాహమే ముఖ్యకారణము. ఆచార్యుని కంటె శిష్యుడు ఇరువదినాలుగేండ్లు పెద్దవాడైనను ఆ శిష్యత్వమును హుంబోల్టు చిన్నతనముగా భావించలేదు. ఏబదియేండ్లు దాటిన పిమ్మట ధాతువులను, విభక్తులను ప్రారంభవిద్యార్థివలె అభ్యసించెను.

1823లో ష్లేగెలు పండితుడు లాటిను అనువాదముతో భగవద్గీతను ప్రకటించెను. హుంబోల్టు దానిని మూలమునందు చదివి, ఆ కావ్యమును చూచుటకు జీవించియుండుట తన భాగ్యమని ఒక మిత్రునకు వ్రాసెను. 1825, 1826 సంవత్సరములలో బెర్లిను విద్వత్పరిషత్తునందు గీతపై రెండు ఉపన్యాసములు చేసెను. తత్త్వవేత్త హేగెలు 1827లో వానిని దీర్ఘముగా విమర్శించి, గీతకు హుంబోల్టు ఇచ్చిన ఔన్నత్యమును అంగీకరింపలేదు. హుంబోల్టు వాదమునకు దిగక తన త్రోవను తాను సాగిపోయెను.

సంస్కృతమున ఇంతటి ప్రీతి గలవాడు జావావైపు మరలుటకు కారణమేమి? ఆయన మనస్సును చిరకాలముగా వేధించుచున్న ప్రశ్న ఒకటి ఉండెను. రెండు జాతులు కలిసినపుడు వారి భాషలు ఏమగును? ఒక భాష మరియొక దానినుండి ఎంతవరకు స్వీకరింపవచ్చును? ఎంత స్వీకరించిన తరువాత అది తన స్వరూపమును కోల్పోవును? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్న రెండు విభిన్నకుటుంబముల భాషలు గాఢముగా పెనవేసికొన్న తావు ఒకటి కావలెను. అట్టి తావు ఆయనకు జావాద్వీపమున గోచరించెను.

ఆ ద్వీపమును గూర్చిన సమాచారము ఐరోపాకు అప్పుడప్పుడే చేరుచుండెను. 1811 నుండి 1816 వరకు జావా ఆంగ్లేయుల ఆధీనమున నుండెను. నాటి పాలకుడు రాఫిల్సు 1817లో ప్రకటించిన జావా చరిత్రయందు భారతయుద్ధమను ప్రాచీనకావ్యము నుండి కొన్ని భాగములను రోమను లిపిలో, ఆంగ్లానువాదముతో అచ్చువేసెను. జావాలో అధికారిగా పనిచేసిన క్రాఫర్డు 1820లో తూర్పుద్వీపముల చరిత్రను వెలువరించెను. జావా వారికి భారతదేశమున పేరుతో తెలిసిన ప్రాంతము కళింగమేయని, తెలింగమనునదియు అదియేయని, హిందూమతము ఆ తీరమునుండియే ద్వీపములకు చేరెనని ఆ గ్రంథమున ఆయన వాదించెను. మలయా ద్వీపములలో భారతీయులకు క్లింగులను పేరు వచ్చుటకు ఈ కళింగ శబ్దమే మూలము. మార్సుడెను 1812లో ప్రకటించిన మలయా వ్యాకరణము, నిఘంటువు సయితము హుంబోల్టుకు అందుబాటున నుండెను. క్రాఫర్డు జావా భాషకు కూర్చిన పదసంచయము వ్రాతప్రతి రూపమున లభించెను. 1828లో ఆయన పారిసు, లండను నగరములకు వెళ్లివచ్చెను. తమ్ముడు 1829లో సైబీరియా పర్యంతము ప్రయాణము చేయగా, అన్న టేగెలు గ్రంథాలయమున కూర్చుండి అంతకంటె దూరమైన దేశమును కాగితములపై వెదకుచుండెను.

ఆయన ఎన్నుకొనిన భాషకు కవి అని పేరు. ఈ పేరు సంస్కృత శబ్దమే. కవుల భాష యని భావము. అది జావా ప్రాచీన కావ్యభాష. భారతయుద్ధ కావ్యమును 1157లో, కడిరి రాజ్యమునేలిన జయభయుని ఆస్థానమున, సెడః అను కవి ప్రారంభింపగా పనులుః అను కవి పూర్తిచేసెను. నన్నయ భారతమునకు సుమారు నూరేండ్లు తరువాతి దిది. పాండవ కౌరవుల కథ, శార్దూలవిక్రీడితము వంటి సంస్కృత వృత్తములు, పుటపుటను తత్సమములు గల ఈ కావ్యమును పైపైన చూచువారికి ఇది సంస్కృతమునుండి పుట్టిన భాషయే యనిపించును. ఆ కాలమున చాలమంది అట్లే తలచిరి. కవిభాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. రాఫిల్సు అచ్చువేసిన పాఠమున తప్పు లనేకములు. అనువాదము మూలమును పదమునకు పదముగ అనుసరించునది కాదు. హుంబోల్టు సంస్కృతమును ఒక చేత, ఆధునిక జావాను, మలయాను మరియొక చేత పట్టుకొని, పద్యములను విడదీసి, ప్రతిపదము యొక్క మూలమును వెదకి, ప్రత్యయములను వేరుచేసి, తానే వ్యాకరణమును నిర్మింపవలసి వచ్చెను.

అట్లు విడదీయగా ఆయనకు తేలిన సత్యమిది. సంస్కృత శబ్దములు కవిభాషలో విస్తారముగ నున్నవి. కాని అవి తమ విభక్తులను తీరమున విడిచి ప్రాతిపదికలుగనే ద్వీపమున దిగినవి. వాక్యమును నడపునది జావా ప్రత్యయవ్యవస్థ. తొన్ అనునది చూచుట యను అర్థముగల దేశ్యధాతువు. దాని మధ్య ఉమ్ అను అక్షరము చేర్చిన తుమొన్ అగును. కర్త చూచుట యని అర్థము. ఇన్ అను అక్షరము చేర్చిన తినొన్ అగును. చూడబడుట యని అర్థము. ఈ మధ్యప్రత్యయమే సంస్కృత శబ్దముల గర్భమునను ప్రవేశించును. చరిత శబ్దము చినరిత యైనపుడు చెప్పబడినదని యర్థము. వర్ణ శబ్దము వినర్ణ యైనపుడు వర్ణింపబడినదని యర్థము. సంస్కృత వ్యాకరణము ఎరుగని ప్రక్రియ ఇది. తెలుగున వర్ణ శబ్దమునకు ఇంచుక్ ప్రత్యయము చేరి వర్ణించు అయినట్లే, జావాలో అదే శబ్దము ఆ దేశపు ప్రత్యయము ధరించి ఆ దేశపు క్రియ యైనది. కనుక కవిభాష సంస్కృతసంతానము కాదు. మలయా కుటుంబమున జన్మించి సంస్కృతముచే అలంకరింపబడిన భాష. పదములు అతిథులవలె రావచ్చును. ఇంటి కట్టడము మాత్రము ఇంటివారిదే. భాషల చుట్టరికమును నిర్ణయించునది పదసంపద కాదు, వ్యాకరణ నిర్మాణమని హుంబోల్టు నిశ్చయించెను.

ఈ నిశ్చయము ఆయనను జావా నుండి మహాసముద్రమంతటికిని తీసికొనిపోయెను. మలయా కుటుంబపు ఎల్లలెచ్చట? ఆఫ్రికా ప్రక్కనున్న మడగాస్కరు భాష, ఫిలిప్పీనులలోని తగాలొగు, పసిఫిక్ సముద్రమున టాంగా, టహితి, న్యూజీలాండు, హవాయి ద్వీపభాషలు ఆయన పరిశీలనకు వచ్చెను. మతప్రచారకులు వ్రాసిన వ్యాకరణములే వీనిలో పెక్కింటికి ఆధారములు. ఒక్క హవాయి భాషకు మాత్రము సజీవసాక్షి దొరకెను. హ్యారీ మైటై అను హవాయి యువకుడు 1824లో ప్రష్యా నావపై బెర్లిను చేరియుండెను. రాష్ట్రమంత్రిగా పనిచేసిన వృద్ధపండితుడు ఆ యువకుని ఎదుట కూర్చుండి అతని మాతృభాషలోని పదములను అడిగి వ్రాసికొనెను. 1828 జనవరిలో దక్షిణసముద్ర ద్వీపభాషలపై విద్వత్పరిషత్తున ఉపన్యసించెను. క్రియారూప నిర్మాణమున ఈ కుటుంబమునందెల్ల తగాలొగు సంపన్నమైనదని ఆయన అభిప్రాయము.

ఇట్లు కార్యము విస్తరించుచున్న వేళ దుఃఖము చుట్టుముట్టెను. 1829 మార్చి 26న కరొలీను మరణించెను. ముప్పదియెనిమిదేండ్ల దాంపత్యము అట్లు ముగిసెను. టేగెలు ఉద్యానమున ఆమె సమాధిపై ఒక స్తంభమును, దానిపై థార్‌వాల్డ్‌సెను శిల్పించిన ఆశాదేవి ప్రతిమను నిలిపించి, దానికెదురుగ ఆయన కాలము గడపుచుండెను. ఆ పిమ్మట శరీరము త్వరితముగ శిథిలమయ్యెను. చేతులు వణకసాగెను, నడుము వంగెను, చూపు మందగించెను. అక్షరములు నానాటికి చిన్నవై, తుదకు తాను వ్రాసినది తానే చదువుకొనలేని స్థితి కలిగెను. లేఖలలో ఆయన ఈ లక్షణములను వైద్యుని వలె నిర్లిప్తముగ వర్ణించెను. ఆ వర్ణనలను బట్టి అది పార్కిన్‌సను వ్యాధియని తరువాతి పరిశోధకులు గుర్తించిరి. వ్యాధిని గూర్చి ఆంగ్లవైద్యుడు పార్కిన్‌సను 1817లోనే వ్రాసియుండినను నాటి వైద్యులకది అంతగా తెలియదు. తన వణకుకు దుఃఖమును, వయసును కారణములని హుంబోల్టు నమ్మెను.

వ్రాయలేని చేతితో ప్రపంచభాషలను గూర్చి బృహద్గ్రంథము వ్రాయబూనుట సామాన్యమైన సాహసము కాదు. పగలు లేఖకునకు చెప్పి వ్రాయించుచు, పదపట్టికలను సరిచూచుచు, గ్రంథరచన సాగించెను. ఎడ్వర్డు బుష్మను అను యువపండితుడు తోడ్పడెను. సాయంకాలములందు రోజునకొకటి చొప్పున సానెట్లను చెప్పి వ్రాయించెను. అవి వేయికి పైబడినవి. వాని సంగతి తమ్మునికి సైతము ఆయన మరణానంతరము గాని తెలియలేదు. దుఃఖమును సానెట్లకు అప్పగించి, బుద్ధిని జావాకు అర్పించెనని చెప్పవచ్చును.

గ్రంథము మొదటిభాగమున భారత జావాదేశముల సంబంధమును వివరించెను. బొరోబుదూరు స్తూపము బౌద్ధనిర్మాణమని గ్రహించి, నేపాళ బౌద్ధమును గూర్చి హాడ్జ్‌సను ప్రకటించిన వ్యాసముల సాహాయ్యమున అందలి బుద్ధమూర్తులను వ్యాఖ్యానింప యత్నించెను. దీనికి పీఠికగా ప్రారంభించిన భాగము పెరిగి పెరిగి స్వతంత్రగ్రంథమయ్యెను. మానవభాషల నిర్మాణమున గల భేదమును, ఆ భేదము జాతుల మనోవికాసముపై చూపు ప్రభావమును ఆ పీఠిక చర్చించును. భాష పూర్తియైన వస్తువు కాదని, మనస్సు ఎడతెగక సాగించు వ్యాపారమని, పరిమితమైన సాధనములతో అపరిమితమైన భావములను ప్రకటించు శక్తి దానికి కలదని అందు ఆయన ప్రతిపాదించెను.

1835 ఫిబ్రవరి 23 కరొలీను జన్మదినము. ఆనాటి చలిలో సమాధిని దర్శించివచ్చిన హుంబోల్టు జ్వరపీడితుడై మరల కోలుకొనలేదు. తమ్ముడును, బిడ్డలును చెంతనుండగా ఏప్రిల్ 8న టేగెలునందు కన్నుమూసెను. భార్య ప్రక్కనే సమాధి చేయబడెను. గ్రంథము అప్పటికి అసంపూర్ణము.

దానిని లోకమునకు అందించిన కీర్తి అలెగ్జాండరునకును బుష్మనునకును చెందును. అలెగ్జాండరు 1836 మార్చిలో ముందుమాట వ్రాసెను. బెర్లిను విద్వత్పరిషత్తు పక్షమున 1836-39 మధ్య మూడు సంపుటములు వెలువడెను. దక్షిణసముద్ర భాషలకు సంబంధించిన చివరి భాగమును బుష్మను పూరించెను. జావాద్వీపపు కవిభాషను గూర్చి యని పేరుపెట్టబడిన ఈ గ్రంథము పీఠిక మూలముననే ఎక్కువ ప్రసిద్ధి చెందుట విధివైచిత్ర్యము.

సిద్ధాంతమునకు మొదటి ఎదురుదెబ్బ ఇంటిలోనుండియే తగిలెను. మలయా పాలినేషియా భాషలు సంస్కృతకుటుంబమున పుట్టి శిథిలమైనవని సాక్షాత్తు బాప్ 1841లో ప్రకటించెను. గురువు సంస్కృతమున శిష్యుని మించినవాడే. కాని ఈ విషయమున శిష్యుని మాటయే నిలిచెను. పదసామ్యము గురువును మోసగించెను. నిర్మాణపరీక్ష శిష్యుని కాపాడెను. మడగాస్కరు మొదలు ఈస్టరు ద్వీపము వరకు వ్యాపించిన ఆ భాషాకుటుంబమునకు ఆస్ట్రోనేషియను అను పేరు స్థిరపడినది; సంస్కృతముతో దానికి జన్మసంబంధము లేదనుట నిర్వివాదము. డచ్చి పండితుడు కెర్న్ మొదలుగాగల వారు ప్రాచీన జావాభాషకు శాస్త్రీయాధ్యయనమును నెలకొల్పిరి. ఇండొనేషియాయందలి సంస్కృతమును గూర్చి గొండా వ్రాసిన బృహద్గ్రంథము 1952లో నాగపురమున వెలువడెను. జోయెట్‌ముల్డరు కూర్చిన ప్రాచీన జావా నిఘంటువు 1982లో ప్రకటితమయ్యెను. పీఠికలోని భావములకు 1960ల అమెరికా భాషాశాస్త్రమున చోమ్‌స్కీ మూలమున మరల ప్రచారము కలిగెను.

హుంబోల్టు రచనలో లోపములు లేకపోలేదు. కొద్దిపాటి పద్యములపై పెద్ద కట్టడము లేపెను. అంతకంటె ముఖ్యమైనది, విభక్తిప్రధానములైన సంస్కృత, గ్రీకు భాషలే మానవబుద్ధికి పరిపూర్ణసాధనములని నమ్మి, తక్కిన భాషలను ఆ కొలతబద్దతో కొలిచెను. ప్రతి భాషను దాని సొంత నిర్మాణమును బట్టియే తెలిసికొనవలెనని బోధించినవాడే భాషలకు తరతమములను కల్పించుట ఆయన గ్రంథమునగల అంతర్విరోధము. ఆ తారతమ్యమును తరువాతి శాస్త్రము త్రోసిపుచ్చినది. బోధను మాత్రము నిలుపుకొన్నది.

తెలుగును గూర్చి ఇదే ప్రశ్న అంతకుముందే మదరాసున ఉదయించియుండెను. 1816లో క్యాంబెలు ప్రకటించిన తెలుగు వ్యాకరణమునకు చేర్చిన వ్యాసమున ఎల్లిసు, తెలుగున సంస్కృతపదములు ఎన్నియున్నను దాని ధాతువులును నిర్మాణమును వేరనియు, అది తమిళ కన్నడములకు సోదరియనియు నిరూపించెను. 1856లో కాల్డ్‌వెల్లు ఆ మార్గమును విస్తరించెను. మదరాసున ఎల్లిసు ప్రతిదినము చెవులార వినుచున్న భాషలనుండి గ్రహించిన సూత్రమును, టేగెలునందు హుంబోల్టు ఎన్నడును వినని భాషయొక్క తప్పుల అచ్చుప్రతినుండి గ్రహించెను. బంగాళాఖాతమునకు ఈవల ఆవల గల రెండు భాషలు సంస్కృతమునకు ఒకే విధమున ఆతిథ్యమిచ్చి, ఒకే విధమున తమ ఇంటిని నిలుపుకొన్నవి.

హుంబోల్టు జావాను చూడలేదు. ఆ దేశపు వాని నోట కవిపద్యము విన్నట్లును కానరాదు. పదవి పోయి, సహధర్మచారిణి పోయి, చేతిలో కలము నిలువని దశయందు ఆయనకు తోడైనది దూరదేశపు భాషను గూర్చిన ఒక ప్రశ్న. ఆ ప్రశ్నకు ఆయన కనుగొన్న సమాధానము ఆయన అనంతరము నిలిచినది.